ఉక్కు గడియ

మన తెలుగు ఎంత చల్లని భాషో! తలుపుకు అడ్డంగా జరిగే ఇనప కడ్డీని గడియ అంది. పొద్దును తుంచి తుంచి కొలిచే కాలపు తునకనూ గడియే అంది. 24 నిమిషాలు ఒక గడియ. 60 గడియలు ఒక పగలూ ఒక రాత్రీ. మూసుకునేదీ గడియే, గడిచిపోయేదీ గడియే. ఒకే మాటలో కావలి, ఒకే మాటలో కాలం.

నా ముందు బల్ల మీద పడుకున్న తుపాకీలోనూ ఒక గడియ ఉంది. బోల్టు అంటారు. పిడి పట్టి పైకెత్తితే అది తిరిగేది సుమారు 60 డిగ్రీలు. రోజుకు 60 గడియలు, ఈ గడియకు 60 డిగ్రీలు! ఎవరూ కావాలని కుదిర్చిన పొందిక కాదిది. అయినా తలుచుకున్నప్పుడల్లా ఒళ్ళు పులకరిస్తుంది. ఎక్కడో గడియారాల పని నేర్చిన ఒక చెయ్యి గీసిన గీత, మన పంచాంగపు లెక్కతో సరూర్‌నగర్‌లో ఒక ఇంటి ముందుగదిలో కలుసుకుంది.

ఇప్పుడా గడియ జరుగుతుంటే చప్పుడు వినాలంటే ఊపిరి బిగబట్టాలి. తామరాకు మీద నీటిబొట్టు దొర్లినట్టు, పండు ముత్తైదువ నోట సహస్రనామం జారినట్టు, నిండు చెరువులో బతుకమ్మ చేతుల్లోంచి నీళ్ళలోకి వెళ్ళినట్టు జరుగుతోంది. మొన్నటి ఎండాకాలం దాకా ఇదే ఉక్కు గరగరలాడింది, మొరాయించింది, సగం దారిలో ఆగి నా అరచేతిని ఎర్రగా కమిలించింది. ఆ గరుకు ఈ నునుపైన తీరును దగ్గర కూర్చుని చూసిన కళ్ళు నావి. చూసి ఊరుకోవడం నా వల్ల కాదు.

సరూర్ అంటే ఉర్దూలో ఆనందం. మత్తుకు ఒక మెట్టు ఇవతల, మెలకువకు ఒక మెట్టు అవతల ఉండే ఆనందం. అలాంటి పేరు పెట్టుకున్న ఊళ్ళో పుట్టి పెరగడం నా సుకృతం. వినాయకులు ఒక్కొక్కరే నీళ్ళలోకి దిగే చెరువు మాది. తంగేడూ గునుగూ రంగులు విప్పుకుని తేలే చెరువు మాది. ఆ గట్టు మీద నిలబడితే దూరంగా మెట్రో బండి మలక్‌పేట నుంచి ఎల్బీనగర్‌కు వంతెన మీద సాగిపోతుంటుంది. దాని స్టేషన్ల పేర్లు వరసగా చదువుకుంటూ వస్తే చాలు, ఈ నేల ఏమేమి చూసిందో తెలుస్తుంది.

మూసారాంబాగ్. ఆ పేరు వెనక ఫ్రాన్సులో 1755లో పుట్టిన ఒక సిపాయి ఉన్నాడు. మిషెల్ జోయాకిం మరీ రేమండ్. రెండో నిజాం కొలువులో చేరి సేనలు నడిపాడు, ఫిరంగులు పోతపోయించాడు. ఆయన పోత కార్ఖానా వల్లే నగరం నడిమధ్యన ఒక పేట ఈనాటికీ గన్‌ఫౌండ్రీగా ఉంది. 1798 మార్చి 25న కన్నుమూశాడు. ముస్లింలు ఆయన్ని మూసా రహీం అనుకున్నారు, హిందువులు మూసారాం అనుకున్నారు. పరాయి దేశపు పేరును ఇద్దరూ ఇంత బెల్లంముక్కలా చప్పరించి తమ తమ దేవుళ్ళ పేర్లు అందులో కలిపేసుకున్నారు. దిల్‌సుఖ్‌నగర్‌కు ఈవల ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద ఆయన సమాధి, నల్లరాతి స్తంభం, దాని మీద జె.ఆర్. అన్న రెండక్షరాలు. ఫిరంగులు పోసిన మనిషి పక్కన ఇప్పుడు గాలి తప్ప మరేమీ మోగదు.

ఇంకో రెండు మూడు స్టేషన్లు దాటితే విక్టోరియా మెమోరియల్. ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా పులులను కొట్టడంలో పేరుమోసినవాడు. ఆయన కాలంలో ఇక్కడ వేట విడిదిగా లేచిన మహలు, 20వ శతాబ్ది తొలి ఏళ్ళలోనే తల్లీతండ్రీ లేని పిల్లల ఇల్లయింది. తుపాకులు ఆన్చాల్సిన గోడలకు పలకాబలపాల సంచులు వేలాడాయి. ఎల్బీనగర్ దాటి విజయవాడ దారి పట్టండి. వనస్థలిపురం పక్కన మహావీర్ హరిణ వనస్థలి వస్తుంది. అదీ ఒకనాడు నిజాముల వేటభూమే. 1972లో వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చింది. వర్ధమాన మహావీరుడి 2500వ నిర్వాణ సంవత్సరం జ్ఞాపకంగా 1975లో ఆ అడవికి ఆయన పేరు పెట్టారు. తూటా దూసుకుపోయిన 14 చదరపు కిలోమీటర్ల పైచిలుకు నేల మీద ఇవాళ కృష్ణజింకలు గెంతుతున్నాయి. మెలితిరిగిన కొమ్ములు, వెన్నెల పూసిన పొట్టలు, రాత్రి పూసిన వీపులు!

ఎవరి కరుణ ఇది? వేట విడిదిని అనాథల ఇల్లు చేసిందెవరు? వేటభూమిని అహింసామూర్తి పేరు పెట్టి లేళ్ళకు రాసిచ్చిందెవరు? ఈ తూర్పు హైదరాబాదు నేలకే ఒక గుణముంది. కరుకైనదేదైనా ఇక్కడికొచ్చి కొన్నాళ్ళుంటే నునుపెక్కుతుంది. నా తుపాకీ కథా అందుకు తప్పింది కాదు.

అది మా నాయన తుపాకీ. పాయింట్ 315 రైఫిలు, అయిదు తూటాల మేగజైను, పశ్చిమబెంగాల్‌లోని ఈషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ పని. ఆ కార్ఖానా 1904లో మొదలైంది. దాని బోల్టు తీరు లీ ఎన్‌ఫీల్డ్ తీరు. ఆ తీరుకు ఆద్యుడు జేమ్స్ పారిస్ లీ. 1831లో స్కాట్లాండ్‌లోని హావిక్‌లో పుట్టి, చిన్నతనంలోనే కెనడా చేరి, గడియారాల పని నేర్చి, దుకాణం పెట్టి బతికినవాడు. గడియారాలు చేసిన చెయ్యి గనకనే ఈ గడియ కూడా చేసింది అనిపిస్తుంది నాకు. పళ్ళచక్రం పక్కన పళ్ళచక్రం ఎలా ఇమడాలో తెలిసినవాడికే, ఉక్కు పక్కన ఉక్కు ఎలా జరగాలో తెలుస్తుంది.

నాయన నల్లగొండ వైపు మా చేలకు అడవిపందుల బెడద ఉన్న రోజుల్లో దాన్ని కొన్నాడు. పేల్చడం నేను చూసింది తక్కువ. పూజించడం చూసింది ఎక్కువ. ప్రతి విజయదశమికీ నాగలి కర్రు, కొడవలి, గొడ్డలి, కుట్టుమిషను, వీటన్నిటి పక్కనా ఎర్రగుడ్డ మీద ఈ తుపాకీ. నాయన పళ్ళెంలో నువ్వుల నూనె పోసుకుని, చూపుడువేలు ముంచి, బోల్టుకు నిండుగా పూసేవాడు. పసుపు రాసేవాడు. కుంకుమ అద్దేవాడు. పాండవులు జమ్మిచెట్టు మీద దాచిన ఆయుధాల్లో ఇదొకటేమో అన్నంత భక్తిగా దండం పెట్టేవాడు. ఆ తర్వాత ఊరంతా జమ్మి ఆకు చేతులు మార్చుకుని, బంగారం అనుకుని, అలయ్ బలయ్ తీసుకునేవాళ్ళం. పాలపిట్ట కనిపిస్తే ఆ ఏడాదికి ఇక కొరతే లేదు.

నాయన వెళ్ళిపోయాక కాగితాలన్నీ నడిచి, లైసెన్సు నా పేరున వచ్చి, తుపాకీ ఇల్లు చేరింది. పిడి పట్టి ఎత్తబోతే ఎత్తలేకపోయాను. గట్టిగా లాగితే గరగర. ముందుకు తోస్తే ఇసుకలో బండి లాగినట్టు. నాయన పోయిన దుఃఖం అప్పటిదాకా గుండెలో ఉంది. ఆ రోజు అది చేతికి తగిలింది.

నగరం నడిబొడ్డున లైసెన్సున్న మరమ్మతు దుకాణానికి కాగితాలతో సహా తీసుకుపోయాను. అక్కడ ఒక ఉస్తాద్. డెబ్భై దాటిన మనిషి. తెల్లటి టోపీ, మోచేతుల దాకా మడిచిన చేతులు, గోళ్ళ కింద యాభై ఏళ్ళ నల్లదనం. ఆ నల్లదనం మాసినతనం కాదు, రాతగాడి వేలికంటిన సిరా లాంటిది.

మొదట ఆయన తుపాకీని చూడలేదు. దాని కడుపు చూశాడు. మేగజైను ఊడదీశాడు. బోల్టును బలవంతంగా వెనక్కి లాగి, వెలుతురుకు పెట్టి, గొట్టం మొదట్లో తూటా కూర్చునే గూట్లోకి తొంగిచూశాడు. చూసి ఊరుకోలేదు, చిటికెనవేలు పెట్టి తడిమాడు. "కన్ను అబద్ధమాడుతది బేటా. వేలు ఆడదు," అన్నాడు. ఆ తర్వాతే బిస్మిల్లా అని పని మొదలుపెట్టాడు.

బోల్టును బయటికి తీసి స్టీలు పళ్ళెంలో గ్యాస్‌నూనె పోసి అందులో పడుకోబెట్టాడు. కాసేపటికి కుంచె తీసుకుని మెల్లగా రుద్దాడు. అప్పుడు చూశాను నేను. నూనెలోకి ఒక రంగు దిగుతోంది. మొదట తేనెరంగు. తర్వాత చిక్కటి ముదురు గోధుమరంగు. ఆ తర్వాత, నా తండ్రీ, పసుపు! బోల్టు చెవుల వెనక, గాడుల మూలల్లో, స్ప్రింగు చుట్ల మధ్య ముప్పై దసరాల పసుపు. నువ్వుల నూనె ఏళ్ళ తరబడి గాలి తగిలి జిగురై, జిగురు లక్కై, లక్కలో పసుపూ కుంకుమా చిక్కుకుని, రాతిపూతలా గడ్డకట్టి, ఉక్కుకూ ఉక్కుకూ నడుమ అడ్డంగా నిలబడి ఉన్నాయి. నా చేతికి తగిలిన గరుకులో సగానికి సగం నాయన భక్తే!

ఉస్తాద్ చెయ్యి ఆగింది. పళ్ళెంలోకి చూశాడు. నా మొహంలోకి చూశాడు. "మీ అబ్బాజాన్ మంచిగ పూజ చేసిండు," అన్నాడు. ఆ మాటలో వెక్కిరింత లేదు. ఆ పసుపునీళ్ళను మురికికాలవలో పారబొయ్యలేదు. దుకాణం వెనక గచ్చు పక్కన, ఎవరూ తొక్కని మూల చూసి వంపి వచ్చాడు. ఆ వంపడం చూసి నాకు కళ్ళు చెమర్చాయి. దేవుడు ఎవరి చేతుల్లో ఏ రూపాన నిలుస్తాడో ఎవరు చెప్పగలరు?

పసుపు పోయాక ఉక్కు కనిపించింది.

ఉక్కు! ఈ మాట పలికేటప్పుడు తెలంగాణ గుండె ఒకసారి పొంగాలి. మన ఉక్కే ప్రపంచానికి వూట్జ్ అయింది. నిజామాబాదు వైపు కోనసముద్రంలో మట్టిమూసల్లో కరిగిన ఉక్కుముద్దల కోసం పర్షియా వర్తకులు ఎడారులు దాటి వచ్చారు. డమాస్కస్ కత్తుల మీద నీటి అలల్లా మెరిసిన గీతల పుట్టిల్లు మన కొలిమి. 19వ శతాబ్ది మొదట్లో హెన్రీ వాయిసీ అనే దొర ఆ ఊరికి పోయి ఆ పని కళ్ళారా చూసి రాసిపెట్టాడు. రైఫిలు ఉక్కు వేరే కొలిమిది, వేరే కాలానిది, నిజమే. అయినా ఉక్కంతా ఒకే కులం. భూమి కడుపులో ఎర్రమట్టిగా నిద్రపోయి, తిత్తుల గాలికి రగిలిన నిప్పుల్లో మేలుకుని, నీళ్ళలో మునిగి గట్టిపడి, మనిషి చేతికొచ్చేసరికి పంచభూతాల్లో నాలుగింటిని దాటి వచ్చిన తపస్వి. అయిదోది ఆకాశం. అది ఎక్కడుందంటారా? రెండు ఉక్కుముక్కల నడుమ వదిలిన వెంట్రుకవాసి సందులో ఉంది. ఆ సందు లేకపోతే ఏదీ కదలదు. ఆ సందు ఎక్కువైతే ఏదీ నిలవదు.

ఆ సందును వెతకడానికి ఉస్తాద్ చేసిన పని చూసి నేను చేతులు జోడించాను. ఒక చిన్న దీపం వెలిగించాడు. మంట మీద రేకు పెట్టాడు. రేకుకంటిన మసిని బొట్టు నూనెతో రంగరించాడు. వేలితో తీసి బోల్టు ఒంటి మీద పలచగా అద్దాడు. ఇది కాటుక కాక మరేమిటి! పసిపిల్లకు తల్లి దిద్దినట్టు, అంత నెమ్మదిగా, ఉక్కుకు కాటుక పెట్టాడు. తర్వాత బోల్టును దాని గాడిలో ఒక్కసారి ముందుకు, ఒక్కసారి వెనక్కి జరిపి తీశాడు. వెలుతురుకు ఎత్తిపట్టాడు.

ఎక్కడ కాటుక చెదరలేదో అక్కడ ఉక్కు ఉక్కును తాకలేదు. ఎక్కడ కాటుక తుడుచుకుపోయి తెల్లగా మెరిసిందో అక్కడ మిట్ట ఉంది. మూడు చోట్ల తెల్లటి గీతలు. కార్ఖానాలో కోతపళ్ళు వదిలిన గాట్లు, అంచున లేచిన ముల్లు, ఒక పక్క తుప్పు తిని వదిలిన చుక్క. కంటికి నున్నగా కనిపించే చోట ఇన్ని కొండలూ ఇన్ని లోయలూ! ఆ మసిబొట్టు చెప్పకపోతే ఎవరు చెప్పేవారు?

యంత్రపు సానచక్రం మూలనే ఉంది. దాని జోలికి పోలేదాయన. అరచేతిలో ఇమిడే సానరాయి తీసుకున్నాడు. నూనెలో తడిపాడు. బోల్టు ఎటు నడుస్తుందో అటే, ఆ దారి వెంటే, నిలువుగా రుద్దాడు. అడ్డంగా ఒక్క గీత గియ్యలేదు. నాలుగు రుద్దులు, ఒక తుడుపు, వేలితో ఒక తడుము. మళ్ళీ కాటుక. మళ్ళీ నాలుగు రుద్దులు. ఆ తర్వాత 800 నంబరు సన్నపొడిని నూనెలో కలిపి పట్టించి, బోల్టును గాడిలో అటూ ఇటూ నడిపించాడు. ఇద్దరూ ఒకరినొకరు అరగదీసుకుంటూ ఒకరికొకరు అలవాటుపడ్డారు. ఏళ్ళ కాపురంలో ఆలుమగలకు జరిగేది, రెండు రోజుల్లో ఉక్కుకు జరిగింది.

అంతా అయ్యాక ఎంత తీశారని అడిగాను. ఉస్తాద్ నా తలలోంచి రాలి చొక్కా మీద పడ్డ ఒక తెల్ల వెంట్రుకను తీసి చూపించాడు. "ఇందుల సగం కూడ తియ్యలే," అన్నాడు. అంగుళంలో వెయ్యో వంతుకు అటూ ఇటూ! నిజానికి అందుకే నాకాయన మీద అంత గౌరవం. ఎక్కువ తీయగలిగిన చెయ్యి, తీయకుండా ఆగింది. పని నేర్చుకోవడానికి పదేళ్ళు పడితే, ఆగడం నేర్చుకోవడానికి ముప్పై ఏళ్ళు పట్టి ఉంటుంది.

ఒక చోటును మాత్రం ఆయన రాయితో తాకనే లేదు. బోల్టు వెనక భాగాన రెండు చెవులుంటాయి. గడియ పడ్డాక అవి వెళ్ళి తమ గూళ్ళలో కూర్చుంటాయి. తూటా పేలిన క్షణాన ఎగదన్నే వేల పౌన్ల ఒత్తిడిని ఆ రెండు చెవులే ఓర్చుకుంటాయి. అక్కడ పైపొర గట్టిది, పలచనిది. దాన్ని మెరుగుపెట్టబోయి అరగదీస్తే తూటాకూ బోల్టుకూ నడుమ దూరం పెరుగుతుంది, మనిషి మొహానికీ మృత్యువుకూ నడుమ దూరం తగ్గుతుంది. "ఇది ముట్టొద్దు. ఇక్కడ జాన్ ఉంటది," అన్నాడు. బోల్టు మీదా తుపాకీ ఒంటి మీదా ఒకే నంబరు చెక్కి ఉండటం చూపించాడు. ఒకదానికి పుట్టిన గడియ ఇంకొకదానికి పనికిరాదట! పని ముగించే ముందు ఇత్తడి రంగు కొలతగుండును గూట్లో పెట్టి, గడియ వేసి, దూరం సరిగ్గా ఉందని రెండుసార్లు చూసుకున్నాడు.

చివరిగా సన్నపొడి నలుసు కూడా మిగలకుండా కడిగాడు. తెల్లగుడ్డ పెట్టి తుడిచాడు. గుడ్డ నల్లబడింది. మరో గుడ్డ, బూడిదరంగు. మరో గుడ్డ, తెల్లగానే తిరిగొచ్చింది. ఒక్క చుక్క నూనె, చెవులకు బియ్యపుగింజంత గ్రీజు. అంతే. "ఇంటికి పోయి ఖాళీగ వెయ్యిసార్లు తియ్యి, వెయ్యిసార్లు వెయ్యి," అన్నాడు. తన మాటలో రెండు వెయ్యిలు ఎంత అందంగా కలిశాయో ఆయనకు తెలియదు. నాకు తెలిసి, మెట్లు దిగుతూ పైకే అనుకున్నాను. వెయ్యిసార్లు వెయ్యి. వెయ్యిసార్లు వెయ్యి.

ఇంట్లో అమ్మ తులసిమాల అడిగి తీసుకున్నాను. 108 పూసలు. పూసకొక గడియ. ఎత్తు, లాగు, తొయ్యి, దించు. ఈ తీరు బోల్టు తెరిచేటప్పుడు సాధువు. మూసేటప్పుడు ఆఖరి అంగుళంలో స్ప్రింగు బిగుసుకుంటుంది, అక్కడ కొంచెం పట్టు కావాలి. మొదటి మాలలో నా మనసంతా ఆ పట్టు మీదే ఉంది. మూడో మాలకు చెయ్యి తనే తెలుసుకుంది. అయిదో మాలకు చప్పుడు మారింది. గరగర సరసర అయింది, సరసర సుయ్యిమంది. తొమ్మిది మాలలకు 972. పదో మాలలో 28వ పూస దగ్గర వెయ్యి నిండింది. ఆపాలనిపించలేదు. అమ్మ వంటగది గుమ్మంలో నిలబడి వింటోంది. "మీ నాయన కొత్తగా తెచ్చిన నాడు గిట్లనే పలికింది రా," అంది.

కొత్తనాటి పలుకు! అంటే నునుపును ఎవరూ తెచ్చి పెట్టలేదు. అది లోపలే ఉంది. ముప్పై ఏళ్ళ జిగురు కింద, పసుపు కింద, ప్రేమ కింద, మౌనంగా కూర్చుని ఉంది.

స్వామీ, ఫణిగిరి మీద కొలువైన లక్ష్మీనరసింహా! చైతన్యపురి దాటి మూసీ ఒడ్డున నీ గుట్ట మీదికి ఎన్ని శనివారాలు ఎక్కి వచ్చానో నీకు తెలుసు. నీ కొండరాతి మీద విష్ణుకుండిన గోవిందవర్మ నాటి ప్రాకృత శాసనం ఉంది. సుమారు 1500 ఏళ్ళుగా గాలీ వానా ఎండా సానబట్టినా ఆ బ్రాహ్మీ అక్షరాలు చెరగలేదు. అరగదీసేదీ నీవే, అరగనివ్వనిదీ నీవే. ఈ బోల్టు కొసన తూటా అంచును పట్టి లాగే ఒక చిన్న ఉక్కుగోరు ఉంది. దాన్ని చూసినప్పుడల్లా నీ గోళ్ళే గుర్తొస్తాయి. స్తంభం చీల్చుకుని వచ్చిన ఆ గోళ్ళు, పని తీరాక ప్రహ్లాదుడి తల నిమిరాయే! ఉగ్రమూ నీదే, ప్రసన్నమూ నీదే. చేతిలో వజ్రమూ నీవే, వేలికొసన వెన్నా నీవే. గడియలను గడియారంగా కూర్చినవాడా, గ్రహాలను చప్పుడు కాకుండా తిప్పుతున్నవాడా, సూర్యుణ్ణి రోజూ ఒక్క గరుకూ లేకుండా తూర్పుగుమ్మం దాటిస్తున్నవాడా! నీ గాడిలో ఎక్కడా మిట్ట లేదు. ఎవరు నీకు కాటుక పెట్టి చూడగలరు? ఎక్కడ అద్దినా అది చెదరదు. రాత్రి ఆకాశమంతా నల్లగా, నిండుగా, చెక్కుచెదరకుండా నిలిచి ఉండటం మేము చూస్తూనే ఉన్నాం.

వేటను పొగడటానికి నేనిది రాయలేదు. నా తుపాకీ ఏ లేడినీ చూడదు, చూడకూడదు. హరిణ వనస్థలి కంచె పక్కగా కారులో పోతుంటే ఒక్కోసారి సాయంత్రపు ఎండలో కృష్ణజింకల గుంపు తలలెత్తి చూస్తుంది. ఆ కళ్ళు కూడా కాటుక దిద్దినట్టే ఉంటాయి. వాటి గెంతులోనూ ఇదే నునుపు. ఎముక గూట్లో ఎముక, నూనె లాంటి నీరు, వెంట్రుకవాసి సందు, ఎక్కడా ఒరిపిడి లేని జరుగుబాటు. ఉస్తాద్ రెండు రోజులు చెమటోడ్చి ఉక్కులో వెతికినదాన్ని, తల్లిలేడి తన కడుపులో అయిదారు నెలల్లో పోతపోసి మేపుకు వదిలింది. నా మోకాలిలోనూ అదే పనితనం ఉంది. ఫణిగిరి మెట్లెక్కుతున్నప్పుడు దాన్ని తలుచుకుంటాను. ఇన్నాళ్ళూ ఒక్కసారైనా తలుచుకోలేదు కదా అనిపిస్తుంది.

దసరా వచ్చింది. చెరువు గట్టున సద్దుల బతుకమ్మ నాటి పూలరేకులు ఇంకా తేలుతున్నాయి. అమ్మ ఎర్రగుడ్డ పరిచింది. నాగలి ఊళ్ళోనే ఉండిపోయింది గనక కొడవలీ, కుట్టుమిషనూ, పిల్లల కంప్యూటరూ, మా బండి తాళంచెవులూ వరసగా పెట్టింది. ఉస్తాద్ ఇచ్చిన చిన్న సానరాయి ముక్కను కూడా వాటి పక్కన పెట్టాను. అన్నిటికంటే ముందు పూజ దానికే చేయించాను. తుపాకీని అన్నిటి చివర పడుకోబెట్టి, మేగజైను తీసి, గడియ తీసి, చిటికెనవేలు పెట్టి తడిమి చూశాను. అమ్మ నువ్వుల నూనె గిన్నె అందించబోతే ఆగమన్నాను. ఎందుకో చెప్పాను. పళ్ళెంలోకి దిగిన ఆ రంగు గురించి కూడా చెప్పాను. ఆమె కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత పసుపుగిన్నె నా చేతికిచ్చింది.

ఈసారి పసుపూ కుంకుమా కర్రకు పెట్టాను. ఉక్కుకు పెట్టలేదు. గూట్లో తూటా లేదు.